గుమ్మాలు మూయని నగరం

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యువత కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం పలాయనవాదం. ఎస్కేపిజం అని కాలేజీలో వినే ఉంటారు. ఉన్న చోటు భరించలేక, దాన్ని మార్చే ఓపిక లేక, ఏదో ఒక ఊహలోకో, ఏదో ఒక గోడ వెనక్కో తప్పుకోవడం. నేటి చిత్రకళలో, నేటి కట్టడాల్లో ఈ ధోరణి బాగా కనిపిస్తోంది. కళ గురించి, భవనాల గురించి క్రైస్తవ కూడికలో మాట్లాడడం ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఈ నగరాన్ని కడుతున్నవారిలో మనవాళ్లు ఉన్నారు. మీలో సివిల్ ఇంజనీర్లున్నారు, ఆర్కిటెక్చర్ చదువుతున్నవారున్నారు, యానిమేషన్, గేమ్స్ కంపెనీల్లో బొమ్మలు గీసేవారున్నారు. మీ పక్కన కూర్చున్నవారి నాన్న సెంట్రింగ్ మేస్త్రీ కావచ్చు, అమ్మ ఇటుకలు మోసి ఉండవచ్చు. రెండవది, పలాయనం అనే నింద అందరికంటే ముందు మనమీదే పడింది. మతాన్ని మత్తుమందుతో పోల్చిన విమర్శ మీకు తెలుసు. ఈ లోకంలో అన్యాయం జరుగుతుంటే క్రైస్తవులు పరలోకం పాటలు పాడుకుంటూ కూర్చుంటారని అంటారు. ఆ మాటకు కోపగించుకోకుండా, అందులో నిజమెంతో చూడాలి.

తప్పించుకోవడమంతా పాపమేనా? బైబిలు అలా చెప్పదు. నిర్గమకాండమంతా తప్పించుకున్నవారి కథే. ఫరో ఇటుకల బట్టీల నుంచి ఒక జనాంగం రాత్రికి రాత్రి బయలుదేరింది. దేవుడే వారికి దారి చూపాడు. మరి యోనా కూడా తప్పించుకోవాలనే చూశాడు. నీనెవెకు వెళ్లమంటే యొప్పేకు వెళ్లి, తర్షీషుకు టికెట్ డబ్బులిచ్చి ఓడ ఎక్కాడు. పైన తుఫాను, నావికులు ప్రాణభయంతో సరుకులు సముద్రంలో పారేస్తున్నారు, ఈయన ఓడ అడుగున నిద్రపోతున్నాడు. దేవుడు మొదటి ప్రయాణంలో ముందు నడిచాడు, రెండవదాన్ని వెంటాడి ఆపాడు. తేడా ఎక్కడుంది? ఇశ్రాయేలీయులు బానిసత్వం నుంచి పారిపోయారు. ముసలివాళ్లను, పిల్లలను, తమతో వస్తామన్న పరాయివాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లారు. యోనా తన బాధ్యత నుంచి పారిపోయాడు, ఒంటరిగా పారిపోయాడు.

ఈ రెంటికీ మధ్య ఇంకొకటుంది. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యానికి పరుగెత్తి, చెట్టుకింద పడుకుని చనిపోతే బాగుండునన్నాడు. దేవదూత ఆయన్ని తిట్టలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ప్రభువు కూడా అలసిపోయిన శిష్యులను ఏకాంత స్థలానికి వెళ్లి విశ్రమించమన్నాడు. ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుని వచ్చిన మనిషి ఒక పాట విన్నా, సినిమా చూసినా, పార్కులో కూర్చున్నా అది పాపం కాదు. ఏలీయా తిని లేచి మళ్లీ పనికి వెళ్లాడు. విశ్రాంతికీ పారిపోవడానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఈ కొలతతో మన నగరాన్ని చూద్దాం.

బెంగళూరు శివార్లలో ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా పెద్ద పెద్ద హోర్డింగులు కనిపిస్తాయి. పచ్చిక, నీలం నీళ్ల కొలను, నవ్వుతున్న కుటుంబం. విల్లాలకు, అపార్ట్‌మెంట్లకు ఇటలీ, స్పెయిన్ ఊళ్లను గుర్తుచేసే పేర్లు. ఆ బొమ్మల్లో బెంగళూరు ఎక్కడా ఉండదు. గుంత రోడ్డు, ట్యాంకర్ లారీ, చెత్తబండి ఉండవు. ఊరిని వదలకుండానే ఊరు నుంచి తప్పించుకోవచ్చనే ఆశనే వాళ్లు అమ్ముతున్నారు. చుట్టూ గోడ, గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల సొంత కరెంటు, సొంత బోరు, సొంత పార్కు.

ఇది కొత్త అలవాటేమీ కాదు. 1537లో కెంపేగౌడ కట్టిన పేట ఒకవైపు, 1809లో బ్రిటిష్‌వారు మొదలుపెట్టిన కంటోన్మెంట్ ఇంకోవైపు, చాలాకాలం రెండు ఊళ్లుగానే బతికాయి. 1898లో ప్లేగు వచ్చినప్పుడు ఇరుకు పేట నుంచి జనాన్ని బయటికి తేవడానికి బసవనగుడి, మల్లేశ్వరం పెరిగాయి. ప్లేగు నుంచి తప్పించుకోవడం తప్పు కాదు. కానీ ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఎవరు వెళ్లగలిగారు, ఎవరు ఉండిపోయారు?

గోడ కట్టుకుంటే సరిపోదని 2022 సెప్టెంబరులో మనం కళ్లారా చూశాం. ఒక్క రాత్రి కురిసిన వానకు సర్జాపుర రోడ్డు, యమలూరు, ఔటర్ రింగ్ రోడ్డు ప్రాంతాలు మునిగిపోయాయి. కోట్ల రూపాయల విల్లాల్లోకి నీళ్లొచ్చాయి. పెద్ద కంపెనీల అధికారులు ట్రాక్టర్ల మీద కూర్చుని బయటికి రావలసి వచ్చింది. అదే నీటిలో కూలీల రేకుల గుడిసెలు కూడా మునిగాయి. విల్లాలవారు హోటళ్లకు వెళ్లారు. గుడిసెలవారికి అలా వెళ్లే చోటు లేదు.

ఎందుకు మునిగింది? బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఊరి పక్కన పెద్ద నది లేదు. అందుకే పాతకాలం వాళ్లు చెరువులు తవ్వి ఒకదానికొకటి కలిపారు. పై చెరువు నిండితే అలుగు పారి, రాజకాలువల గుండా కింది చెరువుకు నీళ్లు చేరేవి. మన అనంతపురం, చిత్తూరు పల్లెల్లోని గొలుసుకట్టు చెరువులు ఎలా ఉంటాయో అలాగే. ఆ చెరువుల్లో, ఆ కాలువల మీద కట్టడాలు లేచాయి. నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నాయి. నీళ్లకు గేటు తెలియదు, సెక్యూరిటీ దగ్గర సంతకం పెట్టదు. తర్వాత 2024 వేసవిలో దానికి ఎదురైన కష్టం వచ్చింది. నగరంలో ప్రభుత్వం వేసిన దాదాపు 13,900 బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. సొంత బోరున్న ఇళ్లవాళ్లు కూడా ట్యాంకర్ కోసం ఎదురుచూశారు. పొరుగువాడితో పనిలేకుండా బతకొచ్చన్న కలకు ఈ రెండు సంవత్సరాలూ జవాబు చెప్పాయి.

లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుడు, లాజరు కథ మనకు కంఠతా వచ్చు. ఒక్క విషయం గమనించండి. ఆ ధనవంతుడు లాజరును కొట్టినట్టు, దోచుకున్నట్టు ప్రభువు చెప్పలేదు. అతని వాకిట లాజరు పడి ఉన్నాడు, అతను చూడలేదు, అంతే. ఆ వాకిలి దాటి చూడకపోవడమే చివరికి ఎవరూ దాటలేని అగాధమైంది.

ఇప్పుడు ఒక అందమైన కట్టడం దగ్గరికి వెళ్దాం. అదే 2022 నవంబరులో, వరదల తర్వాత రెండు నెలలకు, కెంపేగౌడ విమానాశ్రయంలో రెండవ టెర్మినల్ ప్రారంభమైంది. దాదాపు రెండున్నర లక్షల చదరపు మీటర్లు. పైకప్పు నిండా వెదురు, వేలాడే తోటలు, లోపలే జలపాతాలు. ఉద్యానవనంలో విమానాశ్రయం అన్నది దాని భావన. 2023లో ప్రి వెర్సాయ్ పురస్కారాల్లో లోపలి నిర్మాణానికి ప్రపంచ స్థాయి ప్రత్యేక బహుమతి కూడా వచ్చింది. అందం పాపమని మేము అనడం లేదు. ప్రత్యక్ష గుడారం కోసం బెసలేలుకు నేర్పునిచ్చింది దేవుని ఆత్మే అని మనం నమ్ముతాం. ఆ వెదురు పనిలో ఎందరో పనివాళ్ల నేర్పుంది. కానీ ఉద్యాన నగరమని పేరున్న ఊళ్లో చెట్లు కొట్టేసి రోడ్లు వేస్తూ, తోటను విమానం టికెట్ ఉన్నవారి కోసం లోపల పెంచుతున్నామంటే ఏదో పోగొట్టుకున్నట్టే కదా?

కబ్బన్ పార్కును దీని పక్కన పెట్టి చూడండి. 1870లో మొదలైంది. పెద్ద పెద్ద చెట్లు, వెదురు పొదలు, బెంచీలు. ఆదివారం సాయంత్రం అక్కడ ఐటీ ఉద్యోగి, ఆటో డ్రైవర్, ఉత్తరాది నుంచి వచ్చిన హోటల్ కుర్రాడు, పిల్లలతో వచ్చిన కూలీ కుటుంబం ఒకే నీడలో కూర్చుంటారు. రెండు చోట్లా కల ఒకటే, తోట. ఒకచోట ఆ కలలోకి రావాలంటే టికెట్ కావాలి. ఇంకోచోట అందరికీ చోటుంది.

ఇక ఈ కలలను కట్టేవాళ్ల మాట. పాలమూరు లేబరు అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు వాళ్లు కట్టనిచోటు లేదు. అనంతపురం, కర్నూలు, రాయచూరు, కలబురగి నుంచి కరువుకు తాళలేక ఈ నగరానికి వచ్చి, నలభై అంతస్తుల భవనం కడుతూ దాని పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. భవనం పూర్తయిన రోజున షెడ్డు తీసేస్తారు. ఆ గేటులోకి మళ్లీ రావాలంటే పాస్ కావాలి. ఉదయం మన వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వారిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. మన అక్కలు, మన పెద్దమ్మలు. కొన్ని అపార్ట్‌మెంట్లలో పనివాళ్లకు వేరే లిఫ్టు. ఊరి చివర వేరే బావి చూసి వచ్చిన మనకు ఈ వేరే లిఫ్టు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

2013 జనవరిలో కోరమంగళ పక్కన ఈజీపురలో ఏం జరిగిందో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. పేదలకోసం కార్పొరేషన్ కట్టిన ఇళ్ల స్థలంలో ఉంటున్న 1,500కు పైగా కుటుంబాలను బుల్డోజర్లతో ఖాళీ చేయించారు. వాళ్లలో దళితులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. ఆ పదిహేను ఎకరాల్లో ఒక ప్రైవేటు సంస్థతో కలిసి మాల్ కట్టాలని ప్రణాళిక. చలిలో ఆడవాళ్లు, పిల్లలు ఫుట్‌పాత్ మీద పడుకున్నారు. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయి చివరికి దేశంలో తామే మిగలాలనుకునేవారికి శ్రమ అని యెషయా ప్రవక్త 5వ అధ్యాయంలో హెచ్చరించాడు. అది భూమి గురించి చెప్పిన మాట. మనం దాన్ని ఆత్మీయంగా మార్చి తప్పించుకోకూడదు.

ఇప్పుడు కళ సంగతి. ఊహ అంటేనే పలాయనం అనుకుంటే పొరపాటు. ఇదే నగరంలో బాదల్ నంజుండస్వామి అనే చిత్రకారుడున్నాడు. 2015లో సుల్తాన్‌పాళ్యలో రోడ్డు మీద పెద్ద గుంతపడి నీళ్లు నిలిస్తే, అందులో నిజమైనదా అనిపించే మొసలి బొమ్మ పెట్టాడు. 2019లో, ఇస్రో చంద్రయాన్-2 చంద్రుడి మీద దిగబోతున్న రోజుల్లో, హేరోహళ్లి దగ్గర ఒక రోడ్డు మీద వ్యోమగామి వేషం వేసిన నటుణ్ని నడిపించి వీడియో తీశాడు. చూస్తే చంద్రుడి మీద నడుస్తున్నట్టే ఉంటుంది. ఇంతలో పక్కనుంచి ఆటో పోతుంది. అప్పుడు తెలుస్తుంది, అవి చంద్రుడి గుంతలు కావు, మన రోడ్డు గుంతలని. ఆ వీడియో వ్యాపించగానే అధికారులు రోడ్డు బాగుచేయడం మొదలుపెట్టారు. చంద్రమండలం దాకా తీసుకెళ్లి మళ్లీ మన వీధిలోనే దింపాడు.

మన తెలుగులో దీనికంటే గొప్ప ఉదాహరణ ఉంది. 1941లో వచ్చిన గుర్రం జాషువా గబ్బిలం. కాళిదాసు మేఘసందేశంలో విరహంతో ఉన్న యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో ఆకలితో ఉన్న అంటరానివాడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. ఎందుకు గబ్బిలం? గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. గబ్బిలంతో కబురు పంపడం ఊహే. కానీ ఆ ఊహ ఎగిరిన దారి పొడవునా ఈ దేశం కనిపిస్తుంది, చివరికి మూసిన తలుపు కనిపిస్తుంది. క్రైస్తవ ఇంట్లో పుట్టిన దళిత కవి మనకిచ్చిన ఆస్తి ఇది. మీలో కథలు రాసేవారు, బొమ్మలు గీసేవారు, గేములు తయారుచేసేవారు దీన్ని తప్పక చదవాలి.

ఇంకో చిత్రకారుణ్ని చూడండి. విన్సెంట్ వాన్ గో గీసిన నక్షత్రాల రాత్రి చిత్రాన్ని ఈమధ్య పెద్ద హాళ్లలో గోడల నిండా ప్రొజెక్టర్లతో చూపిస్తున్నారు. అందులో నిలబడి జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఆ చిత్రం 1889లో గీసింది. అప్పుడు ఆయన మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. అంతకు పదేళ్ల ముందు బెల్జియంలోని బొగ్గుగనుల కార్మికుల మధ్య సువార్త పనివాడిగా ఉన్నాడు. తన బట్టలు, వస్తువులు పంచిపెట్టి వాళ్లలాగే గుడిసెలో ఉంటే, ఆ బతుకు బోధకుడి హోదాకు తగదని సంఘాధికారులు ఆయన్ని తీసేశారు. ఆ రంగుల వెలుగులో నిలబడినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంటే, చూసే కన్ను మారుతుంది.

చివరికి మన ఇంటికి రావాలి. మన ఆరాధన స్థలాలు ఎలా కడుతున్నాం? కిటికీలు లేని హాలు, చల్లని ఏసీ, నల్లటి గోడలు, ఎల్‌ఈడీ తెర, పొగ యంత్రం. లోపల ఉన్నంతసేపు బయట వీధి ఉందన్న సంగతే గుర్తుండదు. పాటల్లో పరలోకం ఉంటుంది, పక్క వీధి ఉండదు. పరలోకం పాటలను మేము తక్కువ చేయడం లేదు. అమెరికాలో బానిసలుగా ఉన్న నల్లజాతి క్రైస్తవులు యొర్దాను దాటే పాటలు పాడినప్పుడు, అవి స్వేచ్ఛ కోసం పాడిన పాటలు కూడా. పల్లె నుంచి మిషన్ బడికి, చర్చికి నడిచిన మన తాతలకు ఆ పాటలు నిర్గమం. అదే పాట ఈ రోజు మనకు తర్షీషు ఓడ అవుతోందా అన్నదే ప్రశ్న.

మన చరిత్రలో వేరే దారి ఉంది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకూ ఇతరులకూ పని, కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘం పుట్టుకలో ఒక కాలువ తవ్వకం ఉందని మరచిపోకండి. అలాగే క్వేకర్ క్రైస్తవుడైన లారీ బేకర్ 1945లో కుష్ఠురోగుల సేవ కోసం మన దేశానికి వచ్చి, కేరళలో పేదలకు తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టాడు. ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతితో దాదాపు నాలుగోవంతు ఇటుకలు ఆదా చేశాడు. ఇటుకల జాలీ గోడలతో గాలి, వెలుతురు లోపలికి రానిచ్చాడు. ఆయన గోడలకు కూడా బయటి లోకం కనిపిస్తుంది.

రూపాంతర కొండ మీద పేతురు ఏం కోరాడు? మూడు పర్ణశాలలు కట్టుకుని ఇక్కడే ఉండిపోదామన్నాడు. మార్కు సువార్త 9వ అధ్యాయం చూడండి. అదే సమయంలో కొండ కింద మూర్ఛతో కొట్టుకుంటున్న కొడుకుతో ఒక తండ్రి ఎదురుచూస్తున్నాడు. ప్రభువు కొండ మీది మహిమను కాదనలేదు, కానీ పర్ణశాల కట్టనివ్వలేదు. దిగి వచ్చాడు.

ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో నూతన యెరూషలేము కూడా అలాగే దిగి వస్తుంది. మనం పైకి ఎగిరిపోవడం కాదు, దేవుని నగరం కిందికి దిగి, ఆయన మనుషులతో కాపురం ఉండడం. ఆ నగరానికీ ప్రాకారం ఉంది, పన్నెండు గుమ్మాలున్నాయి. అయితే అవి ఎప్పుడూ మూయరు. ఆ దర్శనం చూసిన యోహాను పత్మాసు ద్వీపంలో దేశాంతర శిక్షలో ఉన్నాడు. మూసిన చోట ఉన్నవాడు చూసిన కల అది. తెరిచిన గుమ్మాల విలువ ఆయనకు తెలుసు.

కాబట్టి ఏ కట్టడం చూసినా, ఏ సినిమా, ఏ పాట, ఏ బొమ్మ చూసినా మూడు ప్రశ్నలు అడగండి. ఇందులోకి ఎవరు రాలేరు? దీన్ని కట్టినవాళ్లు ఎక్కడున్నారు? ఇది నన్ను నా పొరుగువాడి దగ్గరికి తిరిగి పంపుతుందా, లేక ఇక్కడే నిద్రపుచ్చుతుందా?

ప్రశ్నలతో ఆగకుండా కొన్ని పనులు కూడా పెట్టుకుందాం. మీ సంఘం కొత్త మందిరం కడుతుంటే, కమిటీలో యువత తరఫున కూర్చోండి. పనిచేసే కూలీలకు తాగునీరు, మరుగుదొడ్డి, వాళ్ల పిల్లలకు నీడ ఉన్నాయా అని అడగండి. ప్లానులో వీధివైపు కిటికీ ఉందా, చక్రాల కుర్చీ ఎక్కే వాలు ఉందా, వానలో ఆ వీధివాళ్లు వచ్చి నిలబడే చోటుందా చూడండి. మీ ప్రాంతంలో రాజకాలువ ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఒక శనివారం నడిచి, గీసి తెలుసుకోండి. మీ అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లకు వేరే లిఫ్టుంటే అసోసియేషన్ సమావేశంలో లేచి మాట్లాడండి. ఆ ఒక్క మాటకు మీకు చెడ్డపేరు రావచ్చు, రానివ్వండి. మీ వీధి ఊడ్చే అక్క పేరు అడిగి తెలుసుకోండి, ఆమె జీతం నెలనెలా వస్తోందో లేదో అడగండి.

చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో, మీరు ఉంటున్న పట్టణం క్షేమం కోరండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్న అర్థం ఉంది. వాళ్లు బబులోనుకు ఇష్టపడి వెళ్లలేదు. మనలో చాలామంది కూడా ఈ నగరానికి ఇష్టపడి రాలేదు, కరువు తోలితే, ఉద్యోగం పిలిస్తే వచ్చాం. వచ్చాక ఇది మన ఊరు. దీని గుంతలు, దీని చెరువులు, దీని కూలీలు మన బాధ్యత. ప్రభువు మనకు ఆ ధైర్యం ఇచ్చును గాక. ఆమేన్.